దంతసాక్ష్యం

జనన ధ్రువీకరణ పత్రాలు ఇంటింటికీ చేరని కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో పిల్లవాణ్ణి బడిలో చేర్చుకొనేటప్పుడు ఉపాధ్యాయుడు ఒక చిన్న పరీక్ష పెట్టేవాడు. కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమచెవిని అందుకొమ్మనేవాడు. అందితే బడియీడు వచ్చినట్లు. పుట్టినతేదీ ఆయనకు తోచినదే పడేది. చేయి పొట్టిదైనందువల్ల ఒక ఏడాది ఆలస్యంగా బడికి పోవడం పెద్ద నష్టం కాకపోవచ్చు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో మాత్రం ఇటువంటి దేహపు కొలతే ఒక బిడ్డ రోజుకు ఎన్ని గంటలు మరయంత్రాల నడుమ నిలబడాలో నిర్ణయించేది. ఆ కొలత నమ్మదగినది కాదని, వయస్సుకు సాక్ష్యం పసివారి నోటిలోనే ఉన్నదని నిరూపించడానికి పూనుకొన్న వైద్యుడు సర్ ఎడ్విన్ సాండర్స్.

సాండర్స్ 1814 మార్చి 12న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి పుస్తక ప్రచురణకర్త. చిన్ననాట ఆయన మనస్సు యంత్రనిర్మాణం మీద లగ్నమై ఉండేది. తరువాత ఒక దంతవైద్యుని వద్ద శిష్యరికం చేశాడు. ఆనాడు ఇంగ్లండులో దంతవైద్యానికి కళాశాలలు లేవు. పన్ను పీకడం చేతిపనిగానే చెల్లుబాటయ్యేది. శరీరనిర్మాణాన్ని గురించి ఆ యువకుడు ఇచ్చిన ఉపన్యాసం విన్న ఒక శస్త్రవైద్యుడు ఆయన్ను సెయింట్ థామస్ ఆసుపత్రిలో బోధించడానికి ఆహ్వానించాడు.

అప్పటికి 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం అమలులోకి వచ్చింది. తొమ్మిదేళ్ళు నిండని పిల్లలను నూలుమిల్లులలో పనికి పెట్టరాదు. తొమ్మిది నుండి పదమూడేళ్ళ లోపు వారిచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. పదమూడు దాటితే పన్నెండు గంటలు. ఇంతవరకు బాగానే ఉంది. కాని పిల్లల వయస్సు చెప్పేదెవరు? జనన నమోదు లేదు. యజమానికి చౌక కూలీలు కావాలి. ఆకలితో ఉన్న తల్లిదండ్రులకు బిడ్డ తెచ్చే నాలుగు డబ్బులు కావాలి. వైద్యుడు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, ఎత్తు కొలిచి, పత్రం రాసి ఇచ్చేవాడు. ఏపుగా పెరిగిన ఎనిమిదేళ్ళవాడు తొమ్మిదేళ్ళవాడుగా చలామణి అయ్యేవాడు.

తిండిలేమి ఎదుగుదలను కుంగదీస్తుంది. పళ్ళు రావడంపై దాని ప్రభావం అంతగా ఉండదు. సాండర్స్ పట్టుకొన్న కీలకం ఇదే. పాలపళ్ళు ఇరవై. ఆరేళ్ళ ప్రాయంలో వాటి వెనుక తొలి శాశ్వత చర్వణకాలు, అంటే దవడపళ్ళు, మొలుస్తాయి. పిమ్మట ముందరి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. రెండవ దవడపళ్ళు పన్నెండు, పదమూడేళ్ళకు గాని కనిపించవు. ఈ క్రమాన్ని ఆధారం చేసుకొని ఆయన వయస్సు తెలిసిన వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు పరీక్షించాడు. తొమ్మిదేళ్ళవారు 708 మందిలో 530 మంది వయస్సు పళ్ళనుబట్టి సరిగా తేలింది. తక్కినవారిలో 126 మంది ఎనిమిదిన్నరేళ్ళవారుగా, 52 మంది ఎనిమిదేళ్ళవారుగా కనిపించారు. పదమూడేళ్ళవారు 338 మందిలో 294 మంది లెక్క కుదిరింది. పొరపాటు పడినచోట కూడ ఈ పరీక్ష బిడ్డను చిన్నవాడిగానే చూపింది. అది మిల్లు యజమానికి నష్టమే గాని బిడ్డకు కాదు.

ఈ ఫలితాలను ఆయన 1837లో బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభల సభ్యులను ఉద్దేశించి ఒక చిన్న గ్రంథంగా ప్రచురించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైమూడేళ్ళు. విచిత్రమేమంటే ఇంగ్లండులో జనన నమోదు మొదలైనదీ ఆ ఏడే. అయితే అప్పటికే మిల్లులలో ఉన్న పిల్లలకు ఆ నమోదు అక్కరకు రాలేదు.

పన్ను చిగురు దాటి బయటపడేవరకు సాండర్స్ వేచి ఉండవలసి వచ్చేది. నేటి న్యాయవైద్యులు ఎక్స్‌రే సాయంతో దవడలో దాగిన పంటి వేరు ఎంతవరకు ఏర్పడిందో చూస్తారు. 1973లో ఫ్రెంచి కెనడా పిల్లలను పరిశీలించి, పంటి ఎదుగుదలను ఎనిమిది దశలుగా విభజించిన పద్ధతి నేటికీ ప్రసిద్ధం. ఒక దేశపు పట్టిక మరో దేశపు పిల్లలకు యథాతథంగా అతకదు కనుక స్థానిక సవరణలు తప్పవు. మన దేశంలో బాలకార్మిక నిషేధానికి 1986లో చేసిన చట్టం బీడీల తయారీని పిల్లలు చేయరాని పనులలో చేర్చింది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే కుటుంబాలు ఎన్నో ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఇది దూరపు సంగతి కాదు. వయస్సుపై వివాదం వచ్చి, ధ్రువపత్రం లేనప్పుడు వైద్యాధికారి నిర్ణయానికి పంపాలని ఆ చట్టమే చెప్పింది.

1846లో సాండర్స్ విక్టోరియా రాణికి దంతవైద్యుడయ్యాడు. రాజభవనానికి పోయివచ్చే రోజుల్లోనే మరి ఇద్దరితో కలిసి పేదలకు దంతచికిత్స చేసే ఒక చిన్న సంస్థను నడిపాడు. లండన్ దంతవైద్యశాల స్థాపనలో పాలుపంచుకొన్నాడు. 1883లో ఆయనకు సర్ బిరుదు లభించింది. ఇంగ్లండులో ఆ గౌరవం పొందిన తొలి దంతవైద్యుడు ఆయనే. పన్ను పీకేవానికి పెద్దమనుషుల సరసన పీట వేయని సమాజంలో అది చిన్న విషయం కాదు. 1901 మార్చి 15న వింబుల్డన్‌లో ఆయన కన్నుమూశాడు.