మల్కిభరాముడు: తెలుగును ప్రేమించిన సుల్తాన్ ఇబ్రాహీం

మా ఇబ్రహీంపట్నంలో పెద్దచెరువు తెలియనివారు లేరు. అది కుతుబ్‌షాహీ సుల్తాన్ ఇబ్రాహీం కాలంలో కట్టిన చెరువని, ఊరికి ఆయన పేరే వచ్చిందని మా పెద్దలు చెబుతూ ఉంటారు. అయితే ఆ సుల్తానుకు తెలుగు పద్యమంటే మక్కువ అని, తెలుగు కవులు ఆయన్ను తమవాడిగా చేసుకొని ఆయన పేరును కూడా తెలుగు చేసేశారని తెలిసినవారు మన ఇళ్ళలో చాలా తక్కువ. మదరసాలో చదువుకున్నన్నాళ్ళు మాకూ తెలియదు.

ఈ వ్యాసం రాయటానికి ఒక కారణం ఉంది. ఆ మధ్య జుమా నమాజు అయ్యాక ఒక సోదరుడు తన కూతుర్ని వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చారు. పాప ఏడో తరగతి. బడిలో తెలుగు పద్యాల పోటీకి ఆమె పేరు రాసుకున్నారట. ఇంట్లో నాయనమ్మగారు ఒప్పుకోవటం లేదు. ధర్మం కోసం అరబీ, ఇంటి కోసం ఉర్దూ, ఉద్యోగం కోసం ఇంగ్లీషు సరే, మార్కులకు మించి ఈ తెలుగు పద్యాలు మనకెందుకు అన్నది ఆమె వాదన. మేము పాపను అడిగాము, నీకెందుకమ్మా అని. ఎందుకూ లేదు, వింటుంటే బాగుంటాయి అంది. ఆ తండ్రి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. అవసరం కోసం భాష నేర్చుకుంటే ఎవరూ తప్పు పట్టరు, కేవలం ఇష్టం కొద్దీ పరాయి భాష నేర్చుకోవటానికి మన ధర్మంలో చోటు ఉందా, లేక అది కాలం వృథా చేసుకోవటమా?

అవసరం కోసం నేర్చుకున్న ఉదాహరణ మనందరికీ తెలిసిందే. దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని ఇంచుమించు పదిహేను రోజుల్లో నేర్చుకున్నట్లు హదీసు గ్రంథాలలో ఉంది. అక్కడ ఉత్తరాలు చదవాల్సిన పని ఉంది. మరి పని లేనిచోట? ఆ రోజు మేము వారికి ఇబ్రాహీం కుతుబ్‌షా జీవితం చెప్పాము. దానినే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఇబ్రాహీం తండ్రి సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చిన తుర్కమాన్. బహమనీ సుల్తానుల కొలువులో ఎదిగి గోల్కొండలో తన రాజ్యాన్ని స్థాపించాడు. ఇంట్లో తుర్కీ వంశ సంప్రదాయం, దర్బారులో ఫార్సీ, కోట గోడ దాటితే తెలుగు. ఇబ్రాహీం పుట్టి పెరిగింది ఈ వాతావరణంలోనే. 1543లో ఆ వృద్ధ సుల్తాను గోల్కొండ మసీదులో హత్యకు గురయ్యాడు. హత్య చేయించింది సొంత కొడుకు జంషీద్ అని చరిత్రకారులు రాశారు. జంషీద్ అంతటితో ఆగలేదు. అన్న కుతుబుద్దీన్ కళ్ళు తీయించి తాను గద్దె ఎక్కాడు. తరువాతి వంతు తమ్ముడు ఇబ్రాహీంది.

ఇబ్రాహీం అప్పటికి ఇంకా కుర్రవాడు. దేవరకొండలో ఉన్నాడు. మా ఊరి మీదుగా వెళ్ళే సాగర్ రోడ్డు పట్టుకొని దక్షిణంగా పోయి మల్లేపల్లి దగ్గర మళ్ళితే వచ్చే దేవరకొండే అది. కబురు అందగానే ప్రాణాలు దక్కించుకొని మొదట బీదర్ చేరాడు. అక్కడ ఇమడలేకపోయాడు. అటునుంచి విజయనగరానికి, అంటే నేటి కర్ణాటకలోని హంపీకి వెళ్ళి అళియ రామరాయల శరణు కోరాడు. రామరాయలు ఆదరించాడు, జాగీరు ఇచ్చాడు. ఒక ముస్లిం రాకుమారుడు సొంత అన్నకు భయపడి ఒక హిందూ ప్రభువు నీడలో ఏడేళ్ళు బ్రతికాడు. చరిత్రను రెండు రంగుల్లోనే చూడటానికి అలవాటుపడిన వారు ఈ ఏడేళ్ళను తరచూ దాటేసి వెళ్ళిపోతారు.

ఆ ఏడేళ్ళు సుఖంగానే గడిచాయని అనుకోకూడదు. ఇబ్రాహీంకు ఇచ్చిన జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అనే సర్దారుది. అతను అవమానించగా కత్తుల పోరు జరిగి ఇబ్రాహీం అతన్ని చంపాల్సి వచ్చిందని చరిత్ర గ్రంథాలలో ఉంది. ఇల్లు లేదు, రాజ్యం లేదు, తిరిగి వెళ్తామన్న నమ్మకం లేదు. అటువంటి స్థితిలో ఉన్న మనిషి చెవిన ఆ నగరంలో నిత్యం పడింది తెలుగు పద్యం. అప్పటికి శ్రీకృష్ణదేవరాయలు పోయి పదిహేనేళ్ళయినా కాలేదు. ఆయన స్వయంగా తెలుగు కావ్యం రాసిన రాజు. రామరాయల కొలువులోనూ కవులకు కొరత లేదు. రామరాజభూషణుడు అనే మహాకవి పేరులోనే ఆ కొలువు ఉంది. గోల్కొండలో ఇబ్రాహీం విన్న తెలుగు బంట్లది, రైతులది, బజారుది. పండితుల నోట ఛందస్సులో నడిచే తెలుగు రుచి ఆయనకు తగిలింది విజయనగరంలోనే అని చరిత్రకారులు భావిస్తారు. మాకూ అదే సరి అనిపిస్తుంది. సొంత ఊళ్ళో రోజూ వినే మాట విలువ పరాయి ఊళ్ళో తెలియటం మనలో గల్ఫ్ వెళ్ళి వచ్చిన ప్రతివారికీ అనుభవమే కదా!

1550లో జంషీద్ మరణించాడు. అతని పసికొడుకును గద్దెపై కూర్చోబెట్టారు గాని రాజ్యం నిలవలేదు. గోల్కొండ కోటకు కాపలా కాసే నాయక్వాడీలనే తెలుగు సైనికులు, వారి నాయకుడు జగదేవరావు, కొందరు ముస్లిం సర్దారులు కలిసి ఇబ్రాహీంను పిలిపించారు. ఆయన వచ్చి సుల్తాను అయ్యాడు. నేటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కోయిలకొండ కోటలో ఆ సంవత్సరపు శాసనం ఒకటి ఉంది. నాయక్వాడీలు ఇబ్రాహీంకు విధేయులమై ఉంటామని చేసిన ప్రతిజ్ఞ అది. శాసనం భాష తెలుగు.

ఇక ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. రాజ్యం నడపటానికి సుల్తాను తెలుగు కావ్యాలు వినాల్సిన పని లేదు. ఊరి లెక్కలు రాయటానికి కరణాలు ఉన్నారు. అర్థం చెప్పటానికి దుబాసీలు ఉన్నారు. దర్బారు వ్యవహారం ఫార్సీలో సాగుతుంది. శిస్తు వసూలుకు, సైన్యం నడపటానికి కావలసిన నాలుగు ముక్కలు ఆయనకు చిన్ననాడే వచ్చి ఉంటాయి. అంతటితో ఆగితే ఎవరూ ఆయన్ను తప్పు పట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. గోల్కొండ కొలువులో ఫార్సీ విద్వాంసుల పక్కన తెలుగు కవులకు ఆసనం వేశాడు. కందుకూరి రుద్రకవిని ఆదరించాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అనే కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

అంకితం అంటే ఏదో మొదటి పేజీలో ఒక పేరు వేయటం కాదు. తెలుగు కవుల సంప్రదాయంలో కావ్యాన్ని అందుకున్నవాడు కృతిపతి. కావ్యం ఆరంభంలో అతని వంశాన్ని, కొలువును వర్ణిస్తారు. ప్రతి ఆశ్వాసం మొదటా చివరా అతన్ని సంబోధిస్తూ పద్యాలు చెబుతారు. అంటే హమదాన్ నుంచి వచ్చిన తుర్కమాన్ కొడుకు ఒక తెలుగు కావ్యంలో అడుగడుగునా తెలుగు విభక్తులతో పిలిపించుకున్నాడన్నమాట. మలిక్ ఇబ్రాహీం అన్న పేరు కవుల నోట మల్కిభరాముడు అయింది. చూడండి, చివరి హకారం ముందుకు జరిగి బకారంతో కలిసి భకారమైపోయింది! ఇభ అంటే సంస్కృతంలో ఏనుగు, రాముడు ఎవరో చెప్పనక్కరలేదు. తన పేరుకు ఇంత మార్పు జరిగినా ఆయన అభ్యంతరపెట్టినట్లు ఎక్కడా కనబడదు. పెళ్ళి కార్డులో పేరు ఒక్క అక్షరం తప్పుపడితే మళ్ళీ అచ్చు వేయించే మనకు ఇది ఆశ్చర్యమే.

ఆయన రుచి సర్దారులకూ అంటుకుంది. పటాన్‌చెరులో ఉన్న అమీన్ ఖాన్ అనే ప్రముఖుడికి పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చతెనుగు కావ్యంగా దానికి పేరు. సంస్కృత పదాలు వాడకుండా, తేట తెలుగు మాటలతో కావ్యమంతా నడపటమంటే మాటలు కాదు. ఈ లేఖనం చూడండి. ధర్మం, గ్రంథం, పుణ్యం వంటి సంస్కృత మాటలు, ఖుత్బా, సర్దార్, జాగీర్ వంటి అరబీ ఫార్సీ మాటలు తీసేస్తే మాకు ఒక పేరా కూడా మిగలదు. అటువంటి ప్రయోగం ఒక ఖాన్‌గారి ప్రోత్సాహంతో వెలువడింది. ఈ ప్రయోగం వల్ల అమీన్ ఖాన్‌కు వచ్చిన పరగణా ఏదీ లేదు.

ఇక్కడ కొందరు పాఠకులకు సందేహం రావచ్చు. తపతి కథ మహాభారతంలోని ఆదిపర్వానికి చెందినది, కావ్యారంభంలో దేవతాస్తుతులు ఉంటాయి, ఒక ముస్లిం పాలకుడు అలాంటి గ్రంథాన్ని ఎలా స్వీకరించాడు? మేము దీనిపై తొందరపడి తీర్పు చెప్పదలచుకోలేదు. కుతుబ్‌షాహీలు షియా మార్గాన్ని అనుసరించినవారు, వారి ఆచరణ మనకు ప్రమాణమూ కాదు. అయితే కవి తన విశ్వాసం ప్రకారం తన స్తుతి తాను చేసుకున్నాడు, సుల్తాను తన నమాజు తాను చేసుకున్నాడు. కథ వినటం వేరు, ఆరాధన వేరు. అబూ రైహాన్ అల్ బీరూనీ (973-1048) నడివయసులో సంస్కృతం నేర్చుకొని హిందువుల గ్రంథాలను వారి మాటల్లోనే అర్థం చేసుకొని అరబీలో గొప్ప గ్రంథం రాశాడు. ఆయన విశ్వాసానికి దానివల్ల వచ్చిన లోపమేమీ లేదు. దివ్యఖుర్‌ఆన్ రూమ్ సూరాలో మనుషుల భాషలు వేర్వేరుగా ఉండటాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. సూచనను చూసి ముచ్చటపడటం నేరమెలా అవుతుంది?

ఇబ్రాహీంను మచ్చలేని మనిషిగా చూపించటం మా ఉద్దేశం కాదు. శిక్షల విషయంలో ఆయన కఠినుడని చరిత్రకారులు రాశారు. అంతకంటే పెద్ద విషయం 1565 జనవరిది. అహ్మద్‌నగర్, బీజాపూర్, బీదర్ సుల్తానులతో చేతులు కలిపి ఆయన రామరాయలపై యుద్ధానికి వెళ్ళాడు. మనం తళ్ళికోట యుద్ధమని చెప్పుకొనేది అదే. అందులో రామరాయలు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాత విజయనగరాన్ని దోచుకొని పాడుపెట్టారు. తనకు అన్నం పెట్టిన నగరం, తనకు పద్యం నేర్పిన నగరం! రామరాయలు అప్పటికి సుల్తానుల మధ్య తగవులు పెంచుతూ వచ్చాడు, గోల్కొండ నుంచి పానగల్లు, కోయిలకొండ వంటి కోటలు తీసుకున్నాడు, ఇవన్నీ నిజమే. రాజకీయంగా కారణాలు చూపవచ్చు. అయినా ఏడేళ్ళు తిన్న ఉప్పు మాట మిగిలే ఉంటుంది. భాషను ప్రేమించినంత మాత్రాన మనిషి అన్నిటా మంచివాడై పోతాడని మేము అనలేము. ఈ విషయం చెప్పినప్పుడు ఆ పాప ముఖం చిన్నబోయింది. దాచిపెట్టి ఉంటే బాగుండేదా అని మేము తరువాత ఆలోచించాము. దాచకూడదనే అనిపించింది.

ఇబ్రాహీం ముప్పై ఏళ్ళు పాలించాడు. గోల్కొండ కోటకు రాతి ప్రాకారాలు కట్టించాడు. హుస్సేన్‌సాగర్ ఆయన కాలంలోనిదే, ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తయారైంది. మూసీపై పురానాపూల్ 1578 నాటిది. 1580లో మరణించాడు. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆయన సమాధి ఉంది. తరువాత వచ్చిన కుమారుడు ముహమ్మద్ కులీ హైదరాబాదు నగరాన్ని నిర్మించాడు, దక్కనీ ఉర్దూలో దీవాన్ రాశాడు. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూకు పెద్దలలో ఒకరైన ఆ కవి, మల్కిభరాముడి ఇంట్లో పెరిగిన బిడ్డ. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద ఉన్న ఇల్లు అది.

మా సంగతి కూడా చెప్పాలి. మాకు అరబీ సర్ఫ్, నహ్వ్ నేర్పిన ఉస్తాదులు ఉన్నారు. ఫార్సీలో గులిస్తాన్ చదివించినవారు ఉన్నారు. తెలుగు మాత్రం దుకాణాల బోర్డులు, బస్సుల మీది ఊళ్ళ పేర్లు చూసి అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నాము. ముప్పై దాటాక పద్యం చదవటానికి కూర్చుంటే యతి ఎక్కడో ప్రాస ఎక్కడో అర్థంకాక మా ఎదురింటి రిటైర్డు తెలుగు మాస్టారు గారిని విసిగించాము. ఆయన ఓపిగ్గా చెప్పారు. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం అని తెలిసిన రోజు, మా రదీఫ్ ఖాఫియాలు పాదం చివర ఉంటే వీళ్ళది మొదట్లో ఉందే అని ఆయనా మేమూ చాలాసేపు నవ్వుకున్నాము. ఆ సాయంత్రం వల్ల మాకు ఏ లాభమూ రాలేదు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా కాలం ఎలా గడిచిందో మాత్రం తెలియలేదు.

ఆ సోదరుడికి మేము ఫత్వా ఏమీ ఇవ్వలేదు. నమాజు, ఖుర్‌ఆన్ పారాయణం తప్పకుండా చూసుకోమని, పద్యంలో ఆరాధనకు సంబంధించినది ఉంటే వేరొకటి ఎంచుకోమని మాస్టారుని అడగమని చెప్పాము. నాయనమ్మగారికి నచ్చజెప్పే బాధ్యత ఆయనకే వదిలేశాము. రెండు వారాల తరువాత పాప మళ్ళీ వచ్చింది. పోటీ సంగతి చెప్పలేదు. చేతిలో నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయి. మల్కిభరాముడు అన్న పేరు ఎలా రాయాలో చూపించమంది. మేము రాశాము. పక్కనే అరబీ లిపిలో ఇబ్రాహీం అని కూడా రాశాము. ఆమె రెండింటినీ కాసేపు చూసి, భ కింద ఒత్తు సరిగా పడలేదని మా చేతిలో పెన్సిలు తీసుకొని దిద్దింది.