తండ్రి యొక్కఁడే: రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

బందరు కన్న మహనీయులలో శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని మేము ప్రథమగణ్యులుగా నెంచుచున్నాము. వారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని ఈ పట్టణమున జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరుదొరగారి శిష్యులైరి. క్రైస్తవ గురువునెడ భక్తి కలిగియు, వారు బ్రహ్మధర్మమునే యవలంబించిరి. ఈ రెండు ధర్మములును ఈశ్వరుని తండ్రి యనియే పిలుచుచున్నవి కదా! భేద మెక్కడ?

క్రైస్తవ సిద్ధాంతమున తండ్రి త్రిత్వమునందు ప్రథముఁడు. స్వభావసిద్ధమైన కుమారుఁడు క్రీస్తొక్కఁడే. విశ్వాసు లాయన మూలమున దత్తపుత్రు లగుదురని పౌలుగారి లేఖల బోధ. న్యాయస్థానములలో దాయభాగపు వ్యాజ్యములు నడపు మావంటివారి కీ భేదము సుబోధము. దత్తునకు హక్కు స్వీకారముచే వచ్చును. ఔరసునకు పుట్టుకతోడనే వచ్చును. బ్రహ్మధర్మము మానవకోటి నెల్ల ఔరససంతానముగా నెంచును. మధ్యవర్తి యక్కఱలేదు.

అయితే, పుట్టుకతో వచ్చిన హక్కు మనకెంతయో మన పొరుగువానికి నంతయే. తండ్రిని ప్రార్థించుచు సోదరుని వాకిటనే నిలుపుట యాతని భాగము నపహరించుటయే. నాయుడుగా రీ సత్యము నాచరించి చూపిరి. బందరు నోబిలు కళాశాలలో బోధించునాఁడును, పిదపను, వేశ్యల మేళములను పెద్దమనుష్యులు మానవలెనని పోరాడిరి. 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాల కధ్యక్షులై, స్త్రీలకు ప్రవేశ మొసఁగిరి. అచ్చట ననాథశరణాలయమును నెలకొల్పిరి. తమ జీతమును పేదవిద్యార్థులకై వెచ్చించిరి. యౌవనముననే భార్యను గోలుపోయియు మఱల వివాహమాడక, తెల్లని వస్త్రములతో నిరాడంబరముగా జీవించిరి. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమున కుపాధ్యక్షులైరి. 1939వ సంవత్సరము మే 26వ తేదీని పరమపదించిరి.

ఒక్కమాట నిష్పక్షపాతముగఁ జెప్పవలెను. దత్తతను నమ్మిన క్రైస్తవులు ఈ కృష్ణామండలమున నంటరానివారనఁబడినవారి పల్లెలకు నడచి బడులు పెట్టిరి. ఔరసత్వమును నమ్మిన మనలో ననేకులము మందిరమున ప్రార్థించి, యింటికేఁగి, కులము చొప్పున విస్తళ్లు వేసికొంటిమి. సిద్ధాంత మెంత యుదారమైనను ఆచరణము లేనిచో దానపత్రము వ్రాసి రిజిస్టరు చేయనట్లే యగును.

బందరు, గుడివాడ, దివిసీమలలోని మిత్రులారా! తండ్రి యొక్కఁడే యని యనుట సులభము. సోదరు లెవ్వరో గుర్తించి వారి పాలు వారి కిచ్చుట కష్టము. నాయుడుగా రా కష్టమును జీవితాంతము మోసిరి. వారి పేరు తలఁచు హక్కు మనకుఁ గలుగవలెనన్న, ఆ భారమున మనపాలు మనము మోయవలదా?