ఉస్తాదు బిల్లీ రైలీ

ఈ సంచిక చదువు సోదరులకు మల్లవిద్య క్రొత్తది గాదు. మన యూళ్ల గరిడీలును, తాలింఖానాలును పెద్దలెరిగినవే. సీమదేశమునందొక రేకుల కప్పు పాకలో ఇట్టి విద్యనే నిలిపిన యుస్తాదుని చరిత్రము గనుక, మనవారికిని వినదగినది.

బిల్లీ రైలీ 1896లో, లాంకషైరు మండలమందలి విగన్ పట్టణమున జన్మించెను. అది బొగ్గుగనుల యూరు. గనికూలీలు పని తీరిన పిదప పందెములు గట్టి కుస్తీ పట్టుచుండిరి. దొరికిన పట్టెల్ల పట్టవచ్చునను నర్థమున దానికి క్యాచ్-యాజ్-క్యాచ్-క్యాన్ అని పేరు. ప్రత్యర్థి భుజములు రెండును నేల కంటించినను గెలుపే. కీలు మెలిపెట్టి యతడు ఓటమి యొప్పుకొనునట్లు చేసినను గెలుపే. 1910లో మన దేశమునుండి వెళ్లిన గామా పహిల్వాను లండనులో జిబిస్కోతో పట్టినదియు నీ పద్ధతి కుస్తీయే. అప్పటికి రైలీ పదునాలుగేండ్ల బాలుడు.

యౌవనమున నతడు మేటి మల్లుడై బ్రిటిషు సామ్రాజ్య విజేత బిరుదమును బడసెను. అయినను ఆయన కీర్తి గెలుపులకంటె శిష్యులవలననే యధికము.

విగన్‌లో ఆయన నెలకొల్పిన శిక్షణశాలను చూచినవారు మెచ్చుకొనదగిన సొగసు దానికేమియు లేదు. కఠినమైన చాపయు, అంతకంటె కఠినమైన సాధనయు. దానికి పాములగుంట యని పేరు వచ్చెను. 1948 లండను ఒలింపిక్కులలో బెల్జియము పక్షమున పోరాడిన కార్ల్ గోచ్ తరువాత నిచ్చటికి వచ్చి, తన కెరుకలేని పట్టులచే చిత్తై, గర్వము విడిచి మరల మొదటినుండి నేర్చెనని చెప్పుదురు. మాంచెస్టరు బాలుడు బిల్లీ రాబిన్సనును ఇచ్చటనే తయారయ్యెను.

కాని కాలము కలిసిరాలేదు. ఒలింపిక్కు కుస్తీలో కీలు మెలిపెట్టుట నిషిద్ధము. 1955 నుండి బ్రిటనులో టెలివిజను కెక్కిన కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయింపబడుచుండెను. రైలీ శిష్యులును పొట్టకూటికై యందు పాల్గొనిరి. అది దాచవలసిన సంగతి గాదు. నిజమైన పట్టులతో ఇరువైపులవారికిని పని లేకపోయెను. ఉస్తాదు వృద్ధుడగునప్పటికి శాలయు బోసిపోయెను.

అట్టి వేళ పూర్వశిష్యుడగు రాయ్ వుడ్ ఊరి పిల్లలను జేరదీసి యా చాపమీదనే మరల సాధన మొదలిడెను. రైలీ 1977లో దివంగతుడయ్యెను. వుడ్ పిమ్మట సమీపమందలి ఆస్పుల్ గ్రామమున ఆ విద్యను సాగించెను.

గోచ్ జపానునకు బోయి యచటి యువకులకు ఉస్తాదై, మన దండెములు, బస్కీలు, ముద్గరములను సైతము తన సాధనలో జేర్చుకొనెను. 1999లో టోక్యోలో తెరచిన యొక శిక్షణశాలకు పాములగుంట యను నా పేరే పెట్టిరి. రాబిన్సను కొన్నేండ్లచ్చట జపాను బాలురకు విగన్ పట్టులను నేర్పెను.