డీజిల్ అంటే ఒక మనిషి

నేను ఇన్నాళ్ళూ డీజిల్ అంటే నూనె పేరే అనుకున్నాను. మా ఊరి పిండిమర ఇంజన్లో పోసేది అదే గదా! అది ఒక మనిషి పేరని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆయన రుడాల్ఫ్ డీజిల్.

1858లో పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మనీ వాళ్ళు. 1870లో ఫ్రాన్సుకీ జర్మనీకీ యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్ పోవాల్సివచ్చింది. అక్కణ్ణించి పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కి, బంధువుల ఇంటికి చదువుకి పంపేశారు. మనలాగే ఇల్లు వదిలి చదివాడన్నమాట.

అక్కడి బడిలో ఒక గొట్టం చూశాడని చెబుతారు. అందులో కాడని ఒక్క దెబ్బతో దిగగొడితే లోపలి గాలి నలిగి వేడెక్కుతుంది, అడుగున పెట్టిన దూది అంటుకుంటుంది. మలయా, బోర్నియో అడవుల్లో మనలాంటి వాళ్ళు ఎప్పటినుంచో అలాగే నిప్పు చేసుకునేవారు. నాకు అన్నిటికంటే ఈ సంగతే నచ్చింది.

డీజిల్ ఇంజన్లోనూ అంతే, నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని సుమారు పదహారో వంతుకి నొక్కితే 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులో నూనె చిమ్మితే దానంతటదే మండుతుంది. 1893లో మొదటి పరీక్షలో యంత్రానికి బిగించిన కొలత పరికరం పేలిపోయింది. అయినా వదల్లేదు. 1897కి నూనెలోని శక్తిలో 26 శాతం పనిగా మార్చాడు. అప్పటి ఆవిరి యంత్రాలు చాలావాటికి 10 శాతం కూడా దక్కేది కాదు.

చేతిపనివాళ్ళకి చిన్న ఇంజన్ ఇవ్వాలని ఆయన కోరిక. కానీ నూనె చిమ్మడానికి బాగా నొక్కిన గాలి కావాలి, దానికి వేరే కంప్రెసరు. దాంతో యంత్రం బరువైపోయి ఫ్యాక్టరీలకీ ఓడలకీ పోయింది.

1909లో లోరాంజ్ అనే ఇంజనీరుకి ఒక ఉపాయం తట్టింది. సిలిండరు తలలో చిన్న గది పెట్టాడు. మంట ముందు ఆ గదిలో మొదలై, సన్న దారిగుండా ఉరికొచ్చి మిగతా గాలినీ నూనెనీ కలియబెడుతుంది. ఇక కంప్రెసరు అక్కర్లేదు. 1920ల్లో అలాంటి ఇంజన్లు ట్రాక్టర్లకీ లారీలకీ వచ్చాయి.

డీజిల్ అవి చూడలేదు. అప్పుల్లో మునిగిపోయి ఉన్నాడు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండు వెళ్ళే ఓడలోంచి మాయమయ్యాడు. కొన్నాళ్ళకి శవం సముద్రంలో కనబడింది. దూకాడా, పడ్డాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

కొన్ని ఇంజన్లకి గది ఉండదట. పిస్టన్ నెత్తిమీద గుంట ఉంటుంది, గాలి అందులోనే సుడి తిరుగుతుంది. నూనెకి గాలి సరిగా అందకపోతే నల్లపొగ. మా పిండిమర కూడా నల్లపొగే వదుల్తుంది. దానికి గది ఉందో గుంట ఉందో, ఈసారి మేస్త్రీ విప్పినప్పుడు దగ్గరుండి చూడాలి.