కోయంబత్తూరు కరివర్ధన్ గారు

మోటారు పందెములనగానే అవి ధనికుల వినోదములని పెద్దలు పెదవి విరుతురు. మన దేశమున చిరకాలము ఆ మాట యథార్థమే. అట్టి పందెములను కొంతవరకు చౌకచేసి, ఉత్సాహవంతులైన యువకులకు అందుబాటులోనికి తెచ్చిన యొక తెలుగు వంశస్థుని వృత్తాంతమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

సుందరం కరివర్ధన్ గారు 1954వ సంవత్సరమున జన్మించిరి. పూర్వము కొంగునాటికి వలసపోయి అచ్చట స్థిరపడిన తెలుగు నాయుళ్ళలో వారిది పేరుగన్న కుటుంబము. కుప్పుస్వామి నాయుడు గారు 1910లో కోయంబత్తూరున స్థాపించిన లక్ష్మీ మిల్లులు ఆ కుటుంబమువారివే. నూలు వ్యాపారము చూచుకొనుచు సుఖముగ నుండదగిన యీ యువకుని మనస్సు మాత్రము మోటారు బండ్లపై నిలిచెను.

ఆ దినములలో దక్షిణదేశపు పందెములు షోళవరమున జరుగుచుండెను. ఈ గ్రామము మద్రాసునకు ఉత్తరమున, మన నెల్లూరి బాటకు చేరువనున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట విమానముల మైదానమును నిర్మించిరి. విదేశపు పందెపు బండ్లను తెప్పించుకొనుట కొలదిమందికే సాధ్యము. తక్కినవారు ఇంటి కార్లనే సవరించి తోలుచుండిరి. కరివర్ధన్ గారును పందెములలో తోలినవారే. అయినను తోలుటకంటె నిర్మించుటయందే వారి ప్రజ్ఞ అధికముగ కనబడెనని మా యభిప్రాయము.

1983 కడపట మారుతి కారు వచ్చెను. దాని యంత్రము 796 ఘన సెంటీమీటర్లది. శక్తి నలువది గుర్రములకు లోపు. ఇంత చిన్న యంత్రముతో పందెమేమి యని యెవరైన నవ్వవచ్చును. యంత్రమును పెంచ వీలులేనిచోట దాని భారమును తగ్గింపవలెను. ఆ భారము రెండు విధములు. మొదటిది బరువు: బరువు సగమైనచో అదే యంత్రము రెట్టింపు శక్తి గలదానివలె బండిని ముందునకు దుముకించును, మలుపులలోను, బ్రేకు వేయునపుడును ఆ మేలు కానవచ్చును. రెండవది గాలి. ఎదురుగాలిలో చంద్రగిరి బాటను సైకిలు త్రొక్కు బాలుడు తనంతట తానే తల వంచును గదా! వేగము రెట్టింపైనచో గాలి యడ్డు నాలుగు రెట్లగును. దానిని గెలుచుటకు ఎనిమిది రెట్ల శక్తి కావలెను. కావున బండి గాలికి చూపు ముఖము ఎంత చిన్నదైన అంత లాభము.

కరివర్ధన్ గారు 1988 ప్రాంతమున ఫార్ములా మారుతి యను ఒంటి యాసనపు బండిని నిర్మించిరి. పైకప్పు లేదు, తలుపులు లేవు, వెనుక కూర్చుండువారు లేరు. ఉక్కు గొట్టముల చట్రము, దానిపై గాజునార తొడుగు. మారుతి కారున ముందుండు యంత్రమును తోలువాని వెనుకకు మార్చిరి. అందుచే ముందుభాగము సన్నమై, నేలకు దగ్గరగ వంగెను. తోలువాడును కాళ్ళు చాచి, దాదాపు పరుండినట్లే కూర్చుండవలెను. ఊరూర దొరకు స్వదేశపు యంత్రము కనుక ఖర్చును తగ్గెను. అందరికిని ఒకే తీరు బండి యగుటచే గెలుపు తోలువాని నేర్పునుబట్టి యుండెను. మాకు ఇదియే అన్నిటికంటె గొప్పగ తోచుచున్నది. తేలికచేయుటకును మితముండును; ప్రమాదమున ప్రాణము కాచునది ఆ చట్రమే గనుక దానిని పలుచన చేయరాదు.

శ్రీపెరుంబుదూరు వద్ద 1990లో క్రొత్త పందెపు బాట ఏర్పడగా, ఈ చిన్నబండ్లు అచ్చటను పరుగిడెను. కోయంబత్తూరు బాలుడైన నారాయణ్ కార్తికేయన్ 1992లో తన తొలి పందెములను వీనితోనే ఆడెను.

వేగమునందలి మక్కువ కరివర్ధన్ గారిని ఆకాశమునకును తీసికొనిపోయెను. 1995 ఆగస్టు మాసమున విమానము కూలి వారు మరణించిరి. అప్పటికి నలువది యేండ్లు దాటి యెన్నియో దినములు కాలేదు. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున 2003లో తెరచిన పందెపు బాటకు వారి పేరే పెట్టిరి. 2005లో కార్తికేయన్ ఫార్ములా వన్ పందెమున ప్రవేశించిన మొదటి భారతీయుడాయెను. తొలి మెట్టు కట్టిన కరివర్ధన్ గారు గతించి అప్పటికి పదియేండ్లు.