ఆవర్తన పట్టికకు లెక్క కుదిర్చిన మోస్లే

ఆవర్తన పట్టికలోని ప్రతి గడిలోనూ మూలకం సంకేతంతో పాటు ఒక పూర్ణాంకం కనిపిస్తుంది. హైడ్రోజన్‌కు 1, కార్బన్‌కు 6, ఇనుముకు 26, బంగారానికి 79. పరమాణు సంఖ్యగా విద్యార్థులు వల్లెవేసే ఈ అంకె ఒకప్పుడు వరుస సంఖ్య మాత్రమే. అది పరమాణు కేంద్రకంలోని ధనావేశాన్ని తెలిపే కొలత అని ప్రయోగపూర్వకంగా నిరూపించిన ఘనత ఇంగ్లండుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త హెన్రీ గ్విన్ జెఫ్రీస్ మోస్లేకు దక్కింది. పరిశోధనలో ఆయన గడిపిన కాలం నాలుగేళ్లే. 27 ఏళ్ల ప్రాయంలోనే ఆయన యుద్ధభూమిలో అసువులు బాశారు.

శాస్త్రవేత్తల వంశం

మోస్లే 1887 నవంబరు 23న ఇంగ్లండు దక్షిణ తీరంలోని వేమౌత్ పట్టణంలో జన్మించారు. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే జీవశాస్త్రవేత్త. సముద్ర గర్భ రహస్యాల అన్వేషణకు బయలుదేరిన చాలెంజర్ నౌకలో ప్రపంచ యాత్ర చేసి, అనంతరం ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యునిగా పనిచేశారు. మాతామహుడు జాన్ గ్విన్ జెఫ్రీస్ నత్తలు, శంఖాల అధ్యయనంలో పేరొందిన పండితుడు. నాలుగేళ్లు నిండకముందే తండ్రిని కోల్పోయిన మోస్లేను తల్లి పెంచి పెద్దచేశారు. ఈటన్ పాఠశాలలో ఉపకార వేతనంతో చదివి, 1906లో ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరారు. 1910లో పట్టభద్రుడైనప్పుడు ఆయనకు లభించినది ద్వితీయ శ్రేణి మాత్రమే. అయినా నిరుత్సాహపడక అదే ఏడాది మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో చేరారు.

భారమా, స్థానమా?

మెండలీఫ్ 1869లో ప్రకటించిన ఆవర్తన పట్టిక పరమాణు భారాల క్రమంపై ఆధారపడినది. అయితే కొన్నిచోట్ల ఆ క్రమం పొసగలేదు. టెల్లూరియం పరమాణు భారం 127.60, అయోడిన్‌ది 126.90. భారాన్ని బట్టి అయోడిన్ ముందు రావాలి. ధర్మాలను బట్టి మాత్రం అది క్లోరిన్, బ్రోమిన్‌ల సరసన, అంటే టెల్లూరియం తరువాత ఉండాలి. ఆర్గాన్, పొటాషియంల మధ్య, కోబాల్ట్, నికెల్‌ల మధ్య కూడా ఇదే చిక్కు. భారాల కొలతలోనే తప్పు ఉండవచ్చని మెండలీఫ్ భావించారు. కొలతలు ఎంత మెరుగుపడినా చిక్కు వీడలేదు.

పరమాణువు మధ్యలో ధనావేశం గల కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ వెల్లడించారు. పట్టికలో మూలకం స్థానసంఖ్యే ఆ కేంద్రక ఆవేశానికి సమానం కావచ్చని డచ్చి దేశస్థుడు వాన్ డెన్ బ్రోక్ ఊహించారు. ఊహకు రుజువు కావలసి ఉంది.

పట్టాలపై లోహపు ముక్కలు

స్ఫటికాల సాయంతో ఎక్స్ కిరణాల తరంగదైర్ఘ్యాన్ని కొలిచే విధానం 1912, 1913 సంవత్సరాల్లో వెలుగులోకి వచ్చింది. మోస్లే దానిని మూలకాల పరీక్షకు మళ్లించారు. గాలి తీసివేసిన గాజు గొట్టంలో చిన్న పట్టాలు అమర్చి, వాటిపై బుల్లి బండి మీద వేర్వేరు లోహపు ముక్కలు ఉంచారు. గాలం వేసేందుకు వాడే పట్టుదారంతో బండిని లాగుతూ ఒక్కొక్క ముక్కను ఎలక్ట్రాన్ల ప్రవాహానికి ఎదురుగా నిలిపారు. తాకిడికి ప్రతి మూలకం తనదైన ఎక్స్ కిరణాలను వెలువరించింది. అవి స్ఫటికంపై పడి, ఛాయాచిత్ర ఫలకంపై గీతలుగా నమోదయ్యాయి.

కాల్షియం మొదలు జింకు వరకు పది మూలకాల ఫలితాలను 1913 డిసెంబరులో ప్రచురించారు. కిరణాల పౌనఃపున్యానికి వర్గమూలం కట్టి చూడగా, పట్టికలో ఒక గడి ముందుకు జరిగిన ప్రతిసారీ ఆ విలువ సమానంగా పెరిగింది. సమాన ఎత్తు గల మెట్ల వరుస వలె ఉన్న ఈ క్రమంలో భారాల ప్రసక్తి లేదు. కోబాల్ట్ 27వ మెట్టుపై, నికెల్ 28వ మెట్టుపై నిలిచాయి. భారంలో కోబాల్ట్ కొంత అధికమైనా దాని స్థానమే ముందని తేలిపోయింది.

ఖాళీల జాడ

ఆ తరువాత మోస్లే ఆక్స్‌ఫర్డ్‌కు మారి జీతభత్యాలు లేకుండానే పరిశోధన కొనసాగించారు. 1914 ఏప్రిల్‌లో వెలువడిన రెండవ పత్రంలో అల్యూమినియం నుంచి బంగారం వరకు లెక్క తేల్చారు. మెట్ల వరుసలో 43, 61, 75 స్థానాలు ఖాళీగా మిగిలాయి. పోలికలు అధికంగా ఉండి, ఎన్ని ఉన్నాయో తేలక రసాయన శాస్త్రవేత్తలను వేధించిన విరళ మృత్తికా మూలకాలకు కూడా లెక్క దొరికింది. ఫ్రాన్సుకు చెందిన జార్జ్ ఉర్బేన్ అదే ఏడాది తన నమూనాలతో ఆక్స్‌ఫర్డ్ వచ్చారు. ఏళ్ల తరబడి శ్రమించి ఆయన వేరుచేసిన పదార్థాలను మోస్లే కొద్ది రోజుల్లోనే పరీక్షించి చూపారు. కొత్త మూలకంగా ఉర్బేన్ భావించిన సెల్టియం వాటిలో లేదు. ఆ విధంగా 72వ స్థానం సైతం ఖాళీయేనని తేలింది.

గల్లిపోలిలో విషాదం

బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సమావేశం కోసం మోస్లే ఆస్ట్రేలియా వెళ్లిన సమయంలోనే 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆయన స్వదేశానికి తిరిగి వచ్చి, పట్టుబట్టి రాయల్ ఇంజనీర్స్ దళంలో చేరారు. సమాచార విభాగం అధికారిగా టర్కీలోని గల్లిపోలి రణరంగానికి వెళ్లారు. 1915 ఆగస్టు 10న టెలిఫోన్‌లో సైనికాజ్ఞలు పంపుతుండగా తలలో తూటా దిగి ప్రాణాలు విడిచారు. తన పరికరాలు, ధనం ప్రయోగ పరిశోధనల నిమిత్తం రాయల్ సొసైటీకి చెందేలా ఆయన అంతకుముందే వీలునామా రాశారు.

ఇటువంటి ప్రతిభావంతుణ్ణి ప్రయోగశాలలో ఉంచక యుద్ధపు ముందు వరుసకు పంపడం దేశానికి తీరని నష్టమని రూథర్‌ఫర్డ్ బహిరంగంగానే ఆవేదన చెందారు. శాస్త్రవేత్తల సేవలను దేశం ఎక్కడ వినియోగించుకోవాలన్న చర్చకు ఈ మరణం నిదర్శనంగా నిలిచిపోయింది. ఆ ఏడాది నోబెల్ బహుమతికి మోస్లే పేరు ప్రతిపాదనకు వచ్చింది. మృత్యువు ఆ అవకాశాన్ని కూడా హరించింది.

నిజమైన లెక్క

ఆయన చూపిన ఖాళీలు మాత్రం ఒక్కొక్కటిగా నిండాయి. 1923లో 72వ మూలకం హాఫ్నియం, 1925లో 75వదైన రీనియం, 1937లో 43వదైన టెక్నీషియం, 1945లో 61వదైన ప్రొమీథియం బయటపడ్డాయి. భారాల చిక్కుకూ కారణం తెలిసింది. కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే పరమాణు సంఖ్య. తటస్థ పరమాణువులో ఎలక్ట్రాన్లూ అన్నే ఉంటాయి గనుక రసాయన ధర్మాలు దానిననుసరించే నడుస్తాయి. 1932లో చాడ్విక్ కనుగొన్న న్యూట్రాన్లు భారాన్ని పెంచుతాయే గాని స్థానాన్ని మార్చలేవు. ప్రకృతిలోని ఆర్గాన్‌లో అత్యధిక భాగం 22 న్యూట్రాన్లు గల పరమాణువులే. పొటాషియంలో అత్యధిక భాగం 20 న్యూట్రాన్లు గలవి. అందువల్లనే 18వ మూలకమైన ఆర్గాన్ 19వదైన పొటాషియం కంటే బరువు తూగుతోంది.

మూలకాల ధర్మాలు వాటి పరమాణు భారాల ఆవర్తన ప్రమేయాలన్న మెండలీఫ్ నియమం, మోస్లే కృషితో పరమాణు సంఖ్యల ఆవర్తన ప్రమేయాలన్న ఆధునిక నియమంగా రూపుదాల్చింది. 2016లో పేర్లు ఖరారైన నాలుగు మూలకాలతో పట్టిక 118 వరకు నిండింది. వాటిలో ప్రతి ఒక్కదాని స్థానాన్నీ నిర్ణయించినది, రెండు పదుల వయసులో ఒక యువకుడు రుజువు చేసి వెళ్లిన ఆ సంఖ్యే.