నీళ్ల లెక్క తెలిసిన అర్థశాస్త్రవేత్త

పర్యావరణ అర్థశాస్త్రం, సుస్థిర వ్యాపారం పేరుతో ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో పీజీ కోర్సులు నడుస్తున్నాయి. ఆ తరగతుల్లో పిగూ వస్తాడు, కోజ్ వస్తాడు. మన దేశం నుంచి ఎవరైనా వస్తే గ్రామ పరిశ్రమల జె.సి. కుమారప్ప వస్తారు. కొలంబియా యూనివర్సిటీలో కుమారప్పకు గురువైన ఎడ్విన్ సెలిగ్మన్ దగ్గరే, ఆయన కంటే దశాబ్దం ముందు చదివిన బి.ఆర్. అంబేడ్కర్ మాత్రం అక్కడ కనిపించరు. రాజ్యాంగం పేపర్లో ఉంటారు, కుల సమస్య పేపర్లో ఉంటారు. నేల, నీళ్ల పేపర్లో ఉండరు. ఇది మరుపు కాదని నా అనుమానం.

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్ వెళ్లారు. కొలంబియాలో ఒక్క అర్థశాస్త్రంలోనే 29 కోర్సులు చదివారు. 1915లో ఈస్టిండియా కంపెనీ పాలన, రాబడి, ఖర్చుల మీద ఎం.ఏ. వ్యాసం రాశారు. మరుసటి ఏడు లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు జర్మన్ టార్పెడో దెబ్బకు సముద్రం పాలయ్యాయి. బరోడాలో ఉద్యోగం దొరికింది కానీ అద్దెకు గది దొరకలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి మరీ వెళ్లగొట్టారు.

ఆ మరుసటి ఏడాదే, 1918లో, చిన్న కమతాల మీద ఆయన వ్యాసం అచ్చయింది. పర్యావరణ అర్థశాస్త్రం చదివేవాళ్లు ముందు చదవాల్సింది ఇదే. కమతాలు ముక్కలై చిన్నవైపోవడమే వ్యవసాయం చితికిపోవడానికి కారణమని, వాటిని కలిపి పెద్దవి చేస్తే సరిపోతుందని అప్పటి నిపుణులు వాదిస్తున్నారు. అంబేడ్కర్ ఆ లెక్కే తప్పన్నారు. కమతం గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ఎకరాలను బట్టి తేలదు. ఆ నేల మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయన్నదే తేలుస్తుంది. రైతు చేతిలో ఉన్న పనిముట్లతో చూస్తే ఉన్న కమతమే అతనికి పెద్దదని కూడా చూపించారు. అసలు జబ్బు నేల మీద పడ్డ జనభారం, పని లేక ఖాళీగా ఉండే చేతులు. అందుకే మందు పరిశ్రమల్లో ఉందన్నారు. నేల మోయగల బరువు గురించి ఇప్పుడు సెమినార్లు పెట్టుకుంటున్నాం. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు.

బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరాక, స్టాఫ్ కుండలో నీళ్లు తాగొద్దని తోటి అధ్యాపకులు కొందరు అడ్డుచెప్పారు. జీతంలో మిగుల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1921లో ఎమ్మెస్సీ, 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ పూర్తి చేశారు.

ఉమ్మడి వనరు అంటే జనాన్ని వాడుకోకుండా ఆపడం కష్టమైన వనరు అని పాఠ్యపుస్తకం చెబుతుంది. మహాడ్ చవ్‌దార్ చెరువు దగ్గర అది కష్టం కాదు. కాపలా అక్కర్లేదు, కంచె అక్కర్లేదు, కులం చాలు. అంటరానివారికి ఆ చెరువు తెరుస్తున్నట్టు 1924లో మునిసిపాలిటీ తీర్మానించినా ఎవరూ దిగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాదిమందితో కలిసి వెళ్లి ఆ నీళ్లు తాగారు. సవర్ణులు దాడి చేశారు, తర్వాత పంచగవ్యాలతో చెరువును శుద్ధి చేసుకున్నారు, కోర్టుకెక్కారు. హైకోర్టులో దళితులు గెలిచేసరికి 1937 వచ్చింది. మన దగ్గర 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన ఊచకోతకు ముందు జరిగిన గొడవ కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడయ్యారు. సాగునీరు, విద్యుత్తు కూడా ఆయన శాఖ కిందికే వచ్చాయి. 1943లో దామోదర్ వరద బెంగాల్‌ను ముంచింది. 1945 జనవరిలో కలకత్తాలో, నవంబరులో కటక్‌లో జరిగిన సమావేశాల్లో ఆయన వాదన ఒకటే: నీళ్లు ఎక్కువైతే కీడని భయపడి కరకట్టలు కట్టి సముద్రంలోకి తోసేయకూడదు. నిలవ చేయాలి, పొలాలకు పారించాలి, కరెంటు తీయాలి, పడవలు నడపాలి. నదిని రాష్ట్రాల హద్దులతో ముక్కలు చేయకుండా లోయ మొత్తాన్ని ఒకటిగా చూడాలి. ఎ.ఎన్. ఖోస్లా అధ్యక్షుడిగా కేంద్ర జలమార్గాల, సాగునీటి కమిషన్ ఆ ఏడాదే ఏర్పడింది. దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టం 1948లో వచ్చింది.

ఆ డ్యాములు ఆదివాసీల ఊళ్లను ముంచాయి. పెద్ద డ్యాముల మీద అంబేడ్కర్‌కున్న నమ్మకాన్ని మనం కూడా ప్రశ్నించాలి, జయంతి సభల్లో దాటేసి ఊరుకోకూడదు. అయితే ఆయన ప్రణాళికలో డ్యాము ఒక్కటే లేదు. 1947లో రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో సాగుభూమి ప్రభుత్వానిది కావాలన్నారు. కులం చూడకుండా ఊరివాళ్లకు ఇచ్చి సమష్టిగా సాగు చేయించాలని, నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు ప్రభుత్వమే సమకూర్చాలని కోరారు. అవి రాజ్యాంగంలోకి రాలేదు. డ్యాములు మాత్రం కట్టారు. అంబేడ్కర్ 1956 డిసెంబరు 6న చనిపోయారు. దామోదర్ లోయలో మైథాన్ డ్యామ్‌ను మరుసటి ఏడాది ప్రారంభించారు.